పాత టీషర్టుల జ్ఞాపకాల బొంత

పాత టీషర్టుల్లో బొమ్మ, రాత ఉన్న భాగాలను ఒకే కొలత చదరాలుగా కత్తిరించి, వరసలుగా అతికి, మధ్యలో ఒక పొర, అడుగున ఒక గుడ్డ పెట్టి కుట్టిన దుప్పటే టీషర్టుల బొంత. ఇంగ్లీషులో దీన్ని టీషర్ట్ క్విల్ట్ అనీ, మెమరీ క్విల్ట్ అనీ అంటారు. అమెరికాలో హైస్కూలు ముగించి కాలేజీకి బయలుదేరే పిల్లలకు ఇంట్లోవాళ్లు ఇచ్చే కానుకల్లో ఇదొకటి. ఆడిన జట్టు, పాడిన బృందం, వేసవిలో వెళ్ళిన శిబిరం, పరుగెత్తిన పందెం ఒక్కొక్కటీ ఒక్కో గడిలో కనిపిస్తాయి. హాస్టల్ గదిలో కప్పుకుని పడుకుంటే పన్నెండేళ్ల బడి జీవితం ఒంటి మీద ఉన్నట్టే.

తెలుగు ఇళ్లలోనూ ఇలాంటి టీషర్టులు బీరువా అడుగున పోగుపడుతూనే ఉంటాయి. కాలేజీ ఫెస్టులో పంచినవి, హైదరాబాద్, విశాఖ పరుగు పందేల్లో వచ్చినవి, మొదటి ఉద్యోగంలో కంపెనీ ఇచ్చినవి, ఆఖరి రోజున స్నేహితులంతా సంతకాలు చేసినవి అందులో ఉంటాయి. వేసుకుందామంటే పట్టవు, పారేద్దామంటే చేతులు రావు. వీటన్నిటినీ ఒక్క దుప్పటిగా మార్చడం కష్టమైన పనేమీ కాదు. కాకపోతే టీషర్టు గుడ్డ స్వభావం తెలియకుండా కత్తెర పడితే మొదటి రోజే పని పాడవుతుంది.

బొంత పుట్టిల్లు

పాత బట్టలు కలిపి కుట్టడం తెలుగువారికి కొత్త కాదు. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, చిరిగిన చోట అతుకు వేసి, ఈ చివర నుంచి ఆ చివరకు సాదా కుట్లు వేస్తే బొంత తయారయ్యేది. పుట్టిన బిడ్డకు కొత్త గుడ్డ గరుకుగా ఉంటుందని అమ్మమ్మ చీరతోనో తాతయ్య పంచెతోనో చిన్న బొంత కుట్టి పొత్తిళ్లలో వేసేవారు. సంస్కృతంలో దీనికి ‘కంథ’ అని పేరు. నాలుగు పార్టీలు కలిసి నడిపే ప్రభుత్వాన్ని పత్రికలు ఇప్పటికీ ‘అతుకుల బొంత’ అనే వెక్కిరిస్తాయి. పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చేవాళ్లు వీధుల్లోకి వచ్చాక, మిల్లు దుప్పట్లు చవకయ్యాక బొంత కుట్టే చేతులు తగ్గాయి.

ఉపఖండమంతటా ఈ పనికి చుట్టరికాలున్నాయి. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజనీ, మహారాష్ట్రలో గోధడీ, రాజస్థాన్, సింధ్ ప్రాంతాల్లో రల్లీ అంటారు. పాత కాంథాలకు దారం కూడా కొనేవారు కాదు, చీర అంచులోంచే రంగు పోగులు లాగి వాడేవారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ అడవుల్లో ఉండే సిద్ది తెగ స్త్రీలు ‘కవండి’ కుడతారు. వాళ్లు అంచు దగ్గర మొదలుపెట్టి, గుడ్డ ముక్కలు ఒక్కొక్కటే చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ మధ్యకు చేరుకుంటారు. నాలుగు మూలలా ముక్కోణపు గుడ్డ ‘పూలు’ పెట్టనిదే పని పూర్తయినట్టు లెక్క కాదు.

వీటన్నిటికీ మూలం పొదుపు. గుడ్డ వృథా పోకూడదు, చలికి కప్పుకోవడానికి ఒకటి కావాలి. చీర కట్టిన మనిషి గుర్తుకు రావడం ఆ పనిలో వచ్చిన కొసరు. టీషర్టుల బొంతలో ఆ కొసరే అసలైంది. చలి కాచుకోవడానికి ఎవరూ దీన్ని కుట్టరు, దాచుకోవడానికి కుడతారు.

దుఃఖంలో పుట్టిన రెండు బొంతలు

వేసుకున్న బట్టే జ్ఞాపకం కావడానికి అమెరికాలో రెండు గొప్ప ఉదాహరణలున్నాయి. అలబామా రాష్ట్రంలో అలబామా నది వంపులో జీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. పెట్‌వే అనే భూస్వామి తోటలో బానిసలుగా బతికినవారి సంతతే అక్కడ ఎక్కువ. చాలామంది ఇంటిపేరు కూడా పెట్‌వేనే. 1942లో మిస్సౌరీ పెట్‌వే అనే స్త్రీ, చనిపోయిన భర్త పొలం పనికి వేసుకున్న బట్టలన్నీ విప్పదీసి ఒక బొంత కుట్టింది. ఎండకు వెలిసిన నీలం, చెమటకు మారిన తెలుపు, మోకాళ్ల దగ్గర అరిగిన గుడ్డ అన్నీ అందులో అలాగే ఉన్నాయి. 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో మొదలైన ప్రదర్శనతో ఆ పల్లె బొంతలు దేశమంతటికీ తెలిశాయి. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద స్టాంపులు వేసింది. మిస్సౌరీ పెట్‌వే బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

రెండోది ఎయిడ్స్ మెమోరియల్ క్విల్ట్. 1985లో శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లీవ్ జోన్స్ అనే ఉద్యమకారుడికి ఈ ఆలోచన వచ్చింది. ఎయిడ్స్‌తో పోయిన ఒక్కొక్కరి పేరున ఒక గుడ్డ పలక కుట్టాలి. పలక పొడవు ఆరడుగులు, వెడల్పు మూడడుగులు, అంటే ఇంచుమించు ఒక సమాధి కొలత. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్ మైదానంలో మొదటిసారి పరిచినప్పుడు 1,920 పలకలుండేవి. ఇప్పుడవి 50,000 దాకా చేరాయి, బరువు 54 టన్నులు. పోయినవారి టీషర్టులు, జీన్సు ప్యాంట్లు, టోపీలు వాటి మీద కుట్టి ఉంటాయి. బొంత అనేది ఇంటి గడప దాటి బహిరంగ స్మారకం కూడా కాగలదని దీనితో లోకానికి తెలిసింది.

సాగే గుడ్డతో చిక్కు

చీర, పంచె, చొక్కా గుడ్డలు మగ్గం మీద పడుగు, పేకలతో నేసినవి. నిలువు పోగులు, అడ్డ పోగులు ఒకదానినొకటి పట్టుకుని ఉంటాయి కాబట్టి నిలువుగా గానీ అడ్డంగా గానీ లాగితే అంతగా సాగవు. టీషర్టు గుడ్డ నేసింది కాదు, అల్లింది. తమిళనాడులోని తిరుప్పూరు లాంటి చోట్ల గుండ్రటి యంత్రాల మీద నూలును ఉచ్చుల్లో ఉచ్చులుగా అల్లుతూ గొట్టంలా తీస్తారు. ఉచ్చు వంగుతుంది, సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. ఒంటికి హాయిగా ఉండేది అందుకే. ఈ గుడ్డ నిలువు కంటే అడ్డంగా ఎక్కువ సాగుతుంది. కత్తిరించిన అంచు తనంతట తానే చుట్టుకుపోతుంది.

కొలిచి కోసిన చదరం మిషన్ పాదం కిందికి వెళ్ళేసరికి అర అంగుళం సాగి, పక్క ముక్కతో మూల కలవకుండా పోవడానికి ఇదే కారణం. రెండు వరసలు కలిపేసరికి దుప్పటి అలలు తిరుగుతుంది. దీనికి మందు టైలర్ల దగ్గరే ఉంది. చొక్కా కాలర్లకు, జాకెట్టు మెడలకు బిగువు కోసం ఒకవైపు జిగురు ఉన్న గుడ్డ వేసి ఇస్త్రీ చేస్తారు. దాన్నే ఫ్యూజింగ్, పేస్టింగ్ అంటారు. అందులో బాగా పల్చటి రకం తీసుకుని టీషర్టు లోపలివైపు అతికిస్తే గుడ్డ సాగడం ఆగిపోతుంది. ఆ తర్వాత అది మామూలు నూలు గుడ్డలా కత్తెరకూ మిషన్‌కూ లొంగుతుంది. కాలరుకు వాడే మందపాటి రకం వేస్తే మాత్రం దుప్పటి అట్టలా తయారవుతుంది. టీషర్టుల బొంతలో మెలకువంతా ఈ ఒక్క పనిలో ఉంది. తక్కినదంతా ఓపిక.

ఏవి ఉంచాలి, ఏవి వదలాలి

ముందుగా టీషర్టులన్నీ నేల మీద పరిచి మూడు కుప్పలుగా వేరు చేయాలి. తప్పకుండా ఉండాల్సినవి, ఉంటే బాగుండేవి, కేవలం పాతవి. మూడో కుప్పను అక్కడే పక్కన పెట్టేయాలి. అన్నీ పెట్టాలన్న ఆశతో మొదలైన బొంత మంచం దాటిపోతుంది, పని కూడా సగంలో ఆగిపోతుంది. కాలేజీ జీవితం, ఒక క్రికెట్ జట్టు, ఒక బిడ్డ మొదటి పదేళ్లు, ఇలా ఒక్క అంశానికి కట్టుబడితే ఎంపిక తేలికవుతుంది.

ముందూ వెనకా ముద్రలున్న టీషర్టు రెండు గడులకు వస్తుంది. కాబట్టి ఇరవై గడులకు ఇరవై టీషర్టులు అక్కర్లేదు, పన్నెండు పదమూడు ఉన్నా చాలు. గుండె మీద చిన్న ముద్ర మాత్రమే ఉంటే ఆ భాగాన్ని కోసి సాదా టీషర్టు ముక్క మధ్యలో కుట్టవచ్చు. పసిపిల్లల టీషర్టు గడి కొలతకు చాలదు. దానికి నాలుగువైపులా నూలు గుడ్డ పట్టీ కలిపి గడి పూర్తి చేయాలి. చెమట పీల్చే ఆటల జెర్సీలు పాలిస్టరువి, వేడికి ముడుచుకుంటాయి. వాటిని వాడొచ్చు గానీ ఇస్త్రీ పెట్టె వేడి బాగా తగ్గించాలి.

స్నేహితుల సంతకాలున్న టీషర్టును ప్రత్యేకంగా చూడాలి. స్కెచ్ పెన్నుతో రాసినవి నీళ్లు తగలగానే చెదిరిపోతాయి. లోపలి మూలలో ఏదో ఒక గీత మీద తడి గుడ్డ అద్ది చూస్తే సంగతి తెలుస్తుంది. రంగు అంటుకుంటే ఆ టీషర్టును ఉతకకముందే మంచి ఫొటో తీసి ఉంచుకోవాలి. లేదా ఆ అక్షరాల మీదుగానే రంగు దారంతో కాడకుట్టు వేయాలి. సిరా పోయినా చేతిరాత మిగులుతుంది.

చనిపోయినవారి బట్టల విషయంలో ఇంటింటికీ పట్టింపులు వేరు. కొందరు వాటిని ఇంట్లో ఉంచుకోరు, కొందరు ప్రాణంగా దాచుకుంటారు. కత్తెర పడిన బట్ట మళ్ళీ చొక్కా కాదు. అందుకే ఇంట్లో అందరినీ అడిగి, తొందరపడకుండా మొదలుపెట్టడం మంచిది.

కొలతల లెక్క

ఉదాహరణకు అడ్డంగా నాలుగు, నిలువుగా అయిదు, మొత్తం ఇరవై గడుల బొంత అనుకుందాం. ఒక్కో ముక్కను 15 అంగుళాల చదరంగా కోస్తే, నాలుగువైపులా అర అంగుళం కుట్టులోకి పోగా 14 అంగుళాల గడి మిగులుతుంది. పట్టీలు లేకుండా కలిపితే 56 అంగుళాల వెడల్పు, 70 అంగుళాల పొడవు వస్తుంది. సోఫాలో కాళ్ల మీద కప్పుకోవడానికి ఇది చాలు.

గడుల మధ్య, చుట్టూ రెండంగుళాల పట్టీ వేస్తే 66 అంగుళాల వెడల్పు, 82 అంగుళాల పొడవు దుప్పటి తయారవుతుంది. పట్టీకి రెండు ప్రయోజనాలు. రకరకాల రంగుల ముద్రలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడదీస్తుంది. నూలు గుడ్డది కాబట్టి సాగే ముక్కలకు చట్రంలా కూడా నిలబడుతుంది. పట్టీలను మూడంగుళాల వెడల్పున కోయాలి. 67 అంగుళాల పొడవువి ఆరు, 15 అంగుళాల పొడవువి ఇరవై అయిదు కావాలి. 44 అంగుళాల పన్నా ఉన్న నూలు గుడ్డలో 67 అంగుళాల పొడవు తీసుకుంటే, 18 అంగుళాల వెడల్పులోంచి పొడవాటి ఆరు పట్టీలూ వస్తాయి. మిగిలిన 26 అంగుళాల్లోంచి చిన్న పట్టీలన్నీ వచ్చి ఇంకా కొన్ని మిగులుతాయి. అదే గుడ్డను రెండున్నర మీటర్లు కొంటే చివర వేసే అంచు పట్టీకి కూడా సరిపోతుంది.

పల్చటి ఫ్యూజింగ్ 36 అంగుళాల పన్నాలో నాలుగున్నర మీటర్లు కావాలి. అడుగు గుడ్డకు డబుల్ బెడ్ దుప్పటి వాడవచ్చు. దానికంటే అందమైన దారి ఇంకొకటి ఉంది. అయిదున్నర మీటర్ల పాత నూలు చీరను సరిగ్గా మధ్యకు కోసి, రెండు ముక్కలనూ పొడవునా కలిపి కుడితే దాదాపు 89 అంగుళాల వెడల్పు, 108 అంగుళాల పొడవు గుడ్డ సిద్ధమవుతుంది. ఇంత బొంతకూ ఒక్క చీర చాలు. పైన బిడ్డ టీషర్టులు, కింద అమ్మ చీర.

మధ్య పొరకు చలి దేశాల్లో దూది వేస్తారు. మన ఎండలకు అంత అక్కర్లేదు. పాత నూలు దుప్పటో, ఇంకో మెత్తటి చీరో సరిపోతుంది. టీషర్టు, ఫ్యూజింగ్ రెండూ కలిసి పైపొర ఎలాగూ మందంగానే ఉంటుంది. నడిమిది కూడా మందమైనదే వేస్తే తడిసినప్పుడు పిండడం ఇద్దరి వల్ల కూడా కాదు.

ఉతుకు, అతుకు, కోత

టీషర్టులు, పట్టీ గుడ్డ, అడుగు గుడ్డ అన్నీ ముందే ఉతికి ఆరేయాలి. కుట్టాక ఒక్కో గుడ్డ ఒక్కో తీరున ముడుచుకుంటే బొంత బుడగలు తేలుతుంది. ఎరుపు, ముదురు నీలం లాంటివి రంగు వదులుతాయేమో అప్పుడే తేలిపోతుంది. ఈ ఉతుకులో మెత్తదనానికి పోసే ద్రవాలు వాడకూడదు, అవి ఉంటే ఫ్యూజింగ్ జిగురు సరిగ్గా పట్టదు.

తర్వాత చేతులు తీసేసి, పక్క కుట్ల వెంట కోసి ముందుభాగం, వెనకభాగం విడదీయాలి. ముద్ర మధ్యలో ఉండేలా 17 అంగుళాల ముక్కను ఉజ్జాయింపుగా కత్తిరించాలి. అప్పుడే 15 అంగుళాలకు కోసేయకూడదు. ముందు ఫ్యూజింగ్ అతికించి, తర్వాత కచ్చితమైన కొలతకు కోయాలి. వరస తిరగబడితే సాగిన ముక్క సాగినట్టే అతుక్కుపోతుంది.

అతికించేటప్పుడు ముద్ర కిందికి ఉండేలా ముక్కను పరిచి, చేత్తో లాగకుండా సాపు చేసి, జిగురు వైపు గుడ్డకు తగిలేలా ఫ్యూజింగ్ వేయాలి. వేలితో తడిమితే సన్నటి గరుకు చుక్కలు తగిలేదే జిగురు వైపు. పైన పల్చటి నూలు గుడ్డ కప్పి ఇస్త్రీ పెట్టెను ఒకచోట పది పన్నెండు సెకన్లు అదిమి, ఎత్తి, పక్కన పెట్టాలి. చొక్కా ఇస్త్రీ చేసినట్టు జరపకూడదు, జరిపితే గుడ్డ సాగుతుంది. చల్లారాక మూల లాగి చూస్తే ఊడకూడదు. టీషర్టు మీది రబ్బరు ముద్రలు చాలావరకు వేడికి కరిగే రంగులే. ఇస్త్రీ పెట్టె నేరుగా తగిలిందో, రంగు పెట్టెకు అంటుకుంటుంది, ఆ గడి పోయినట్టే. ముద్ర కింద కూడా ఒక గుడ్డ పరచడం మరవకూడదు.

కోతకు ఒక అట్ట చట్రం చేసుకుంటే పని సులువు. 15 అంగుళాల చదరపు అట్ట తీసుకుని, చుట్టూ అర అంగుళం వదిలి మధ్యలో 14 అంగుళాల కిటికీ కోయాలి. దాన్ని టీషర్టు మీద పెడితే కిటికీలోంచి కనిపించేదే చివరికి బొంతలో కనిపించేది. అక్షరాల చివర్లు కుట్టులోకి పోతాయో లేదో కోయకముందే తెలిసిపోతుంది. ముద్ర మరీ మెడ దగ్గరుంటే మెడ పట్టీని ఉన్నదున్నట్టు ఉంచి, దాని వెనక వేరే గుడ్డ పెట్టి కుట్టేయొచ్చు. అది టీషర్టేనన్న గుర్తు కూడా మిగులుతుంది.

వరస కూర్చడం

ఇరవై ముక్కలూ నేల మీద పరిచి అటూ ఇటూ మార్చి చూడాలి. ముదురు రంగులన్నీ ఒకే మూలకు చేరితే బొంత అటువైపు బరువుగా కనిపిస్తుంది. ఫోనులో ఫొటో తీసి రంగులు తీసేసి నలుపు తెలుపులో చూస్తే ఆ తేడా వెంటనే బయటపడుతుంది. నచ్చిన వరస కుదరగానే ప్రతి ముక్కకూ వరస, స్థానం రాసిన చీటీ గుండుసూదితో గుచ్చాలి. రేపటికి ఎవరికీ గుర్తుండదు.

కుట్టు మొదట అడ్డ వరసల్లో సాగాలి. పట్టీ, గడి, పట్టీ, గడి, ఇలా ఒక వరసలో నాలుగు గడులు, అయిదు పట్టీలు. రెండు ముక్కల పైవైపులు ఎదురెదురుగా పెట్టి, రెండు చివర్లా, మధ్యలో గుండుసూదులు గుచ్చి, అర అంగుళం లోపలగా కుట్టాలి. మామూలు కాలి మిషన్ చాలు. 14 నంబరు సూది, అంగుళానికి ఎనిమిది నుంచి పది కుట్లు సరిపోతాయి. టీషర్టు కిందికి, నూలు పట్టీ పైకి ఉంచితే మిషన్ పళ్లు కింది గుడ్డను సమంగా లాక్కుంటాయి. ప్రతి కుట్టు అంచులనూ లోపలివైపు నుంచి రెండు పక్కలకూ తెరిచి ఇస్త్రీ చేస్తేనే తర్వాతి కుట్టు తిన్నగా పడుతుంది. అయిదు వరసలూ పూర్తయ్యాక వాటి మధ్య పొడవాటి పట్టీలు వేసి కలపాలి. నిలువు పట్టీలు పై నుంచి కిందికి ఒకే గీతలో వస్తే బొంత సగం గెలిచినట్టే.

మూడు పొరలు ఒక్కటి

అడుగు గుడ్డను బొంత కంటే నాలుగువైపులా మూడేసి అంగుళాలు ఎక్కువ ఉండేలా కోసి, లోపలివైపు పైకి ఉండేలా నేల మీద బిగువుగా పరచాలి. అంచులు కదలకుండా టేపుతో అంటించాలి. దాని మీద మధ్య పొర, ఆపైన టీషర్టుల పొర. మధ్య నుంచి అంచుల వైపు చేత్తో సాపు చేస్తూ జానెడు దూరానికొక పిన్నీసు పెట్టాలి. పిన్నీసులు పట్టీల మీద పడితే మంచిది. రబ్బరు ముద్రలో గుచ్చిన రంధ్రం మళ్ళీ మూసుకోదు.

పొరలను కలిపే కుట్టు మూడు రకాలు. మిషన్ మీద గడికీ పట్టీకీ మధ్య కుట్టు లోయ వెంటే మళ్ళీ కుట్టుకుంటూ పోవడం ఒకటి. ఇది పైకి కనపడదు. మధ్య పట్టీ దగ్గర మొదలుపెట్టి బయటికి పోతే అడుగు గుడ్డ ముడతలు పడదు. ఈ మిషన్ పని రానివారికి ముడులు వేయడం రెండో దారి. మందపాటి దారంతో మూడు పొరల్లోంచి సూది దించి, పైకి తీసి, రెండు చివర్లూ గట్టిగా ముడివేసి, అంగుళం వదిలి కత్తిరించాలి. జానెడుకొక ముడి ఉండాలి.

మూడోది మన బొంత కుట్టే. ఫ్యూజింగ్ అతికిన టీషర్టులో చేతి సూది దిగడం కష్టం. కానీ నూలు పట్టీల్లో హాయిగా దిగుతుంది. గడుల చుట్టూ ఉన్న రెండంగుళాల పట్టీల్లో రంగు దారంతో రెండు మూడు వరసల సాదా కుట్లు వేస్తే, కొత్త టీషర్టుల చుట్టూ పాత బొంత చేతిపని నిలుస్తుంది. గడి మధ్యలో 14 అంగుళాలు ఖాళీగా ఉంటాయి కాబట్టి, ముద్ర లేని చోట చూసి ఒకటి రెండు ముడులు వేయడం మేలు. లేకపోతే ఉతికినప్పుడు మధ్య పొర జారుతుంది.

చివరగా మిగిలిన మధ్య పొరను, అడుగు గుడ్డను బొంత అంచుతో సమంగా కత్తిరించాలి. రెండున్నర అంగుళాల నూలు పట్టీలను 306 అంగుళాల పొడవు వచ్చేలా కలిపి, నిలువునా మధ్యకు మడిచి, పైవైపు నుంచి మిషన్ పాదం వెడల్పున కుట్టాలి. తర్వాత వెనక్కి తిప్పి చేత్తో కుట్టుకోవాలి. తిన్నటి అంచులకు ఉరేబు పట్టీ అవసరం లేదు, నిలువు కోత పట్టీయే చాలు.

పేరు, ఏడాది, మన్నిక

ఎక్కువమంది మరిచే పని ఒకటుంది. వెనక మూలలో అరచేతంత తెల్లగుడ్డ మీద ఎవరి టీషర్టులు, ఎవరు కుట్టారు, ఏ ఊరు, ఏ ఏడాది అని దారంతో కుట్టి అతికించాలి. పాత కాంథాల్లో, బొంతల్లో చాలావాటికి కుట్టినవారి పేరే మిగల్లేదు. ఈ బొంత అసలు జ్ఞాపకం కోసమే కాబట్టి పేరు లేకపోతే లోటే. అడుగున వేసిన చీర ఎవరిదో కూడా అక్కడే రాయవచ్చు.

బొంతను చల్లని నీళ్లలో, తక్కువ సబ్బుతో, బ్లీచింగ్ వేయకుండా ఉతకాలి. మెలిపెట్టి పిండకూడదు. ఒక్క తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు కుట్లు లాగుతాయి, అందుకే రెండు మూడు తీగల మీద పరిచినట్టు వేసి, వెనకవైపు పైకి ఉంచి నీడలో ఆరబెట్టాలి. ముద్రల మీద ఇస్త్రీ చేయకూడదు. ప్లాస్టిక్ సంచిలో దాస్తే చెమ్మ పట్టి, రబ్బరు ముద్రలు ఒకదానికొకటి అంటుకుంటాయి. నూలు గుడ్డలో చుట్టి, అయిదారు నెలలకొకసారి మడత మార్చి పెట్టాలి.

కోతలో మిగిలిన గుడ్డ కూడా పనికొస్తుంది. టీషర్టు కింది భాగాన్ని అంగుళం వెడల్పున అడ్డంగా కోసుకుంటూ పోతే పీలికలు వస్తాయి. పీలికను లాగగానే అంచులు లోపలికి చుట్టుకుని తాడులా మారుతుంది. ఆ తాడుతో కాళ్లు తుడుచుకునే పట్టలు అల్లుకోవచ్చు. బొంత కుట్టేటప్పుడు విసిగించిన గుణమే ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇదే పద్ధతి బడి యూనిఫారాలకు, నాన్న చొక్కాలకు, పిల్లల గౌన్లకు కూడా పనికొస్తుంది. అవి నేసిన గుడ్డలైతే ఫ్యూజింగ్ కూడా అక్కర్లేదు. కుట్టు కొత్తగా నేర్చుకునేవారు ముందు తొమ్మిది గడుల చిన్న బొంతతో మొదలుపెట్టడం మంచిది. పల్చటి ఫ్యూజింగ్, అట్ట చట్రం, ఒక పాత చీర, నాలుగైదు ఆదివారాల తీరిక ఉంటే బీరువా అడుగున నలుగుతున్న టీషర్టులు మంచం మీదికి వస్తాయి.